అమ్మ ఇంట్లో లేని రెండు రాత్రులు: ఈ చర్చ ఎక్కడెక్కడ ముడిపడింది

శుక్రవారం సాయంత్రం ఇల్లు విడిచి, స్నేహితురాళ్ళతో హార్స్‌లీ కొండకో తలకోనకో వెళ్ళి, ఆదివారం రాత్రికి తిరిగి రావడం. వెళ్ళేది రెండేళ్ళ బిడ్డ, ఐదేళ్ళ బిడ్డ ఉన్న తల్లి. పిల్లల్ని వెంట తీసుకుపోవడం లేదు. అలా వెళ్ళడం ఆమెకు ఇదే మొదటిసారి. పైకి చూస్తే ఇది ఆలుమగలు మాట్లాడుకుని తేల్చుకునే ఇంటి విషయం. కాని తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా ఈ మాట ఎత్తగానే అత్తగారికి, పుట్టింటివాళ్ళకు, ఎదురింటివాళ్ళకు, పిల్లల డాక్టరుకు ఏదో ఒక అభిప్రాయం ఉంటుంది. ఒకరు పసిబిడ్డ మనసు గురించి మాట్లాడతారు, ఇంకొకరు వంట గురించి, మరొకరు రాత్రి బస గురించి, వేరొకరు ఆడవాళ్ళ హక్కు గురించి. అందరూ ఒకే ప్రశ్నకు జవాబు చెబుతున్నట్టు అనిపిస్తుంది గాని, ఇక్కడ కలిసిపోయి ఉన్నవి మూడు ప్రశ్నలు. బిడ్డ తట్టుకుంటుందా? ఆ రెండు రోజులు బిడ్డను ఎవరు చూస్తారు? అసలు ఆమె ఎందుకు వెళుతోంది? మొదటిదానికి పరిశోధన చాలావరకు జవాబు చెప్పింది. రెండోది ఇంకా తేలలేదు, తేలవలసింది అదే. మూడోదాన్ని ఎవరూ నేరుగా అడగరు. అయినా ఎక్కువ ఇళ్ళలో తీర్పు దాన్నిబట్టే వెలువడుతుంది. ఈ మూడింటినీ విడదీసి చూస్తే తప్ప ఈ చర్చ ముందుకు కదలదన్నది ఈ వ్యాసం చెప్పదలచిన మాట.

ఈ సీమలో తల్లులు ఇల్లు కదలని కాలం ఉందా?

"మా కాలంలో పిల్లల్ని వదిలి ఎవరు పోయినారు?" అన్న మాట తరచు వినిపిస్తుంది. ఈ ప్రాంతపు జీవితాన్ని కొంచెం నిదానంగా చూస్తే ఆ మాట నిలబడదు. తిరుమలలో 2000లో మొదలైన శ్రీవారి సేవకు స్త్రీలు గుంపులు గుంపులుగా పేర్లు ఇచ్చి, సేవాచీర కట్టుకుని, వారం రోజులు కొండమీదే ఉండి కూరగాయలు తరుగుతారు, క్యూలైన్లలో భక్తులకు అన్నం, నీళ్ళు అందిస్తారు. దాససాహిత్య ప్రాజెక్టు భజన మండళ్ళ స్త్రీలు మెట్లోత్సవానికి అలిపిరి నుంచి పాడుకుంటూ కొండెక్కుతారు. బ్రహ్మోత్సవాల్లో వాహనాల ముందు కోలాటం వేసే బృందాలు ఊళ్ళు దాటి వస్తాయి. చిత్తూరు, పుత్తూరు, నగరి వైపు నుంచి ఎర్రచీరలు కట్టి, మాల వేసుకుని, ఇరుముడితో మేల్‌మరువత్తూరు పోయే ఆడవాళ్ళ బస్సులు కనబడతాయి. పున్నమికి అరుణాచలం గిరిప్రదక్షిణ కోసం పద్నాలుగు కిలోమీటర్లు రాత్రంతా నడిచి వచ్చేవాళ్ళు ఎందరో. వీళ్ళలో పిల్లలు పెద్దవాళ్ళైనవాళ్ళే ఎక్కువమంది కావచ్చు. అయినా పసిబిడ్డ తల్లి మొక్కు తీర్చుకోవడానికి వెళ్ళాలంటే ఇంట్లో ఎవరో ఒకరు "పోయిరామ్మా, బిడ్డను మేం చూసుకుంటాం" అనడం ఈ నేలకు కొత్త కాదు.

ఇంకా దూరపు ప్రయాణాలు ఉన్నాయి. రాయచోటి, మదనపల్లె, కడప వైపు నుంచి కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళే తల్లులు ఏళ్ళ తరబడి బిడ్డల మొహం చూడకుండా ఉంటారు. ఆ బిడ్డలు అవ్వ దగ్గరో పెద్దమ్మ దగ్గరో పెరుగుతారు. ఆ తల్లి పంపిన డబ్బుతో ఇల్లు లేస్తుంది, అప్పు తీరుతుంది. ఊరు ఆమెను జాలిగా చూస్తుందేమో గాని, తప్పుపట్టదు. సత్యవేడు దగ్గర శ్రీసిటీలో ఫోన్లు, ఇతర ఎలక్ట్రానిక్ వస్తువులు తయారుచేసే ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసేవాళ్ళలో స్త్రీలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. వాళ్ళలో తల్లులైనవాళ్ళకు రాత్రి షిఫ్టు అంటే బిడ్డ నిద్రపోయే వేళకు ఇంట్లో లేకపోవడమే. అంతకు ముందు తరాల్లో వేరుశనగ చేలల్లో కూలికి పోయిన తల్లి గట్టుమీది చెట్టుకొమ్మకు చీరతో ఉయ్యాల కట్టింది, లేదా ఆరేళ్ళ పెద్దకూతురికి చంటిదాన్ని అప్పజెప్పి పోయింది. డ్వాక్రా సంఘాల స్త్రీలు శిక్షణకనీ సమావేశాలకనీ జిల్లాకేంద్రాలకు వెళ్ళి రాత్రులు అక్కడే ఉన్నారు. తల్లి బిడ్డకు దూరంగా ఉండటం ఇక్కడ ఎప్పుడూ ఉంది. దేవుడి కోసం, కూలి కోసం, అప్పు తీర్చడం కోసం, బంధువుల పెళ్ళి కోసం, ఆసుపత్రిలో ఉన్న తండ్రి కోసం అయితే అది సమ్మతమే. తన సంతోషం కోసం, అదీ స్నేహితురాళ్ళతో అన్నప్పుడే గొంతులు మారతాయి. పైన చెప్పిన వారాలతో, ఏళ్ళతో పోల్చితే రెండు రాత్రులు లెక్కలోకి రావు. కాబట్టి అభ్యంతరం దూరానికి కాదు, కారణానికి.

తండ్రుల సంగతి దీని పక్కన పెట్టి చూస్తే ఇది ఇంకా స్పష్టపడుతుంది. కార్తీకం రాగానే తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో వీధివీధినా నల్లబట్టలు కనిపిస్తాయి. పసిపిల్లల తండ్రులు నలభైఒక్క రోజుల మండలదీక్ష పట్టి, గురుస్వామితో, తోటి స్వాములతో కలిసి శబరిమలకు పోయి, దారిలో ఉన్న క్షేత్రాలన్నీ చూసుకుని, నాలుగైదు రోజులకో వారానికో తిరిగి వస్తారు. ఆ దీక్షాకాలమంతా తెల్లవారకముందే లేచి మడిగా వండిపెట్టేది భార్య. వాళ్ళు లేనప్పుడు పిల్లల్ని ఎవరు చూస్తారన్న ప్రశ్న పుట్టనే పుట్టదు. ఆ యాత్రలో భక్తి ఉంది, నిజమే. స్నేహం కూడా ఉంది. గుంపుగా వండుకుని తినడం, బస్సులో పాటలు, ఇంటి బాధ్యత నుంచి కొన్ని రోజుల విడుదల, ఇవన్నీ ఉన్నాయి. అందులో తప్పేమీ లేదు. మగవాడికి స్నేహితుల గుంపుతో గడిపే రోజులు బతుకులో ఒక సహజమైన భాగమని సమాజం ఏనాడో ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలు తల్లి దాకా ఇంకా రాలేదు, అంతే.

బిడ్డకు ఏమవుతుంది: పరిశోధన నడిచిన దారి

బిడ్డ మనసు గురించి ఇవాళ ఇళ్ళలో వినిపించే భయానికి మన పెద్దల మాటలు ఒక మూలమైతే, రెండో ప్రపంచయుద్ధం తర్వాతి ఐరోపా ఇంకొక మూలం. ప్రపంచ ఆరోగ్యసంస్థ కోసం బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ 1951లో ఒక నివేదిక రాశాడు. అనాథశరణాలయాల్లో, ఆసుపత్రుల్లో తల్లికి దూరమైన పిల్లల దుస్థితిని చూపి, తొలి ఏళ్ళలో తల్లితో ఎడతెగని అనుబంధం లేకపోతే బిడ్డ మానసిక ఆరోగ్యం దెబ్బతింటుందన్నాడు. మరుసటి ఏడాదే జేమ్స్ రాబర్ట్‌సన్ తీసిన చిన్న సినిమాలో ఆసుపత్రిలో ఒంటరిగా చేరిన రెండేళ్ళ పాప ఎంత కుమిలిపోయిందో కనబడుతుంది. పిల్లల వార్డుల్లో తల్లిని ఉండనివ్వాలన్న మార్పు వెనుక ఈ పని ఉంది. ఆ మేలు చిన్నది కాదు. కాని అనాథశరణాలయం గురించి చెప్పిన మాటను ఇల్లు గురించి, నెలల గురించి చెప్పిన మాటను రోజుల గురించి వాడటం కూడా అక్కడి నుంచే మొదలైంది. పత్రికల శీర్షికల్లో, పెంపకం పుస్తకాల్లో ఆ తేడా చెరిగిపోయింది.

దాన్ని సరిదిద్దిన పని రాబర్ట్‌సన్ దంపతులే చేశారు. 1960ల చివర, తల్లి కాన్పుకు ఆసుపత్రిలో చేరినప్పుడు విడిపోయిన పసివాళ్ళను వాళ్ళు దగ్గరుండి చూశారు. పదిహేడు నెలల జాన్ తొమ్మిది రోజులు శిశుసదనంలో ఉన్నాడు. అక్కడ ఆయాలు పూటపూటకూ మారేవారు. వాడిని తమవాడిగా చూసుకునే మనిషి లేరు. వాడు కుప్పకూలాడు. అదే వయసు జేన్, ఆమెకంటే కాస్త పెద్దవాళ్ళైన లూసీ, థామస్, కేట్ పది నుంచి ఇరవైఏడు రోజులు రాబర్ట్‌సన్ దంపతుల ఇంట్లోనే ఉన్నారు. ముందే పరిచయమైన మనిషి, తమ అలవాట్లు తెలిసిన ఇల్లు, తల్లి గురించి మాట్లాడే స్వేచ్ఛ వాళ్ళకు దొరికాయి. బెంగపడ్డారు, కొన్నిసార్లు మొండికేశారు, కాని కూలిపోలేదు. విడిపోవడం ఒకటే, ఫలితాలు రెండు. తేడా చూసుకునే మనిషిలో ఉంది. 1972లో మైకేల్ రటర్ అప్పటిదాకా వచ్చిన సాక్ష్యాలన్నీ తిరగేసి, తల్లి కాసేపు దగ్గర లేకపోవడం, అనుబంధమే ఏర్పడకపోవడం, ఇంట్లో కలహం అనే మూడింటినీ ఒకే గాటన కట్టడం తప్పని చూపాడు. 1976లో డేవిడ్ క్వింటన్, రటర్ కలిసి ఆసుపత్రిలో చేరిన పిల్లలపై చేసిన అధ్యయనంలో, వారంలోపు ఒక్కసారి చేరినందువల్ల తర్వాతి కాలంలో ఇబ్బంది కనబడలేదు. మళ్ళీమళ్ళీ చేరినవాళ్ళలో, అందులోనూ ఇంటి పరిస్థితి బాగాలేనివాళ్ళలో కనబడింది.

దీనికి ఎదురు సాక్ష్యం లేకపోలేదు, దాన్ని దాచడం న్యాయం కాదు. 2011లో అచ్చైన ఒక అమెరికన్ అధ్యయనం పేద కుటుంబాల పిల్లలను చూసింది. మొదటి రెండేళ్ళలో తల్లికి వారం గాని అంతకు మించి గాని దూరమైనవాళ్ళలో మూడేళ్ళ వయసున చిరాకు, మూడు ఐదేళ్ళ వయసుల్లో దూకుడు కొంత ఎక్కువగా ఉన్నాయని తేల్చింది. అక్కడ కూడా కొలత వారం, రెండు రాత్రులు కాదు. 1991లో మొదలై వెయ్యిమూడువందల మందికి పైగా పిల్లలను ఏళ్ళ తరబడి అనుసరించిన అమెరికా ప్రభుత్వ అధ్యయనం ఇంకొక వైపు నుంచి అదే చెప్పింది. తల్లి కాక ఇంకొకరు చూసుకోవడం అన్నది తనంతట తాను అనుబంధాన్ని చెడగొట్టదు. తల్లి బిడ్డపట్ల స్పందన లేకుండా ఉండి, చూసుకునేవాళ్ళు కూడా అలాగే ఉంటే అప్పుడు ప్రమాదం.

ఇక పాలు. పాలు తాగే బిడ్డ విషయంలో వాదన మనసు గురించి కాదు, ఒంటి గురించి. మొదటి ఆరునెలలు తల్లిపాలు తప్ప వేరేవి వద్దని, రెండేళ్ళు, ఆపైనా ఇతర ఆహారంతోపాటు పాలు కొనసాగించాలని ప్రపంచ ఆరోగ్యసంస్థ సలహా. ఆరునెలల్లోపు బిడ్డను రెండు రాత్రులు వదలడానికి పాలు పిండి నిలవ ఉంచే ఏర్పాటు కావాలి. అది లేని ఇంట్లో ఆగడమే మేలు. ఏడాది దాటి అన్నం తినే బిడ్డ విషయంలో ఆ అడ్డు చాలావరకు తగ్గిపోతుంది. ఈ గీతను గౌరవించమనడం తల్లిని కట్టేయడం కాదు. ఆరునెలల బిడ్డ గురించి చెప్పవలసిన మాటను నాలుగేళ్ళ బిడ్డ తల్లికి చెప్పడం మాత్రం కట్టేయడమే.

మన ఇళ్ళ గురించి మూడు చూపులు

పడమటి పరిశోధన ఒంటరి కాపురాల మీద చేసింది, మన ఇళ్ళు వేరు అన్న మాట సబబే. అయితే ఆ తేడా ఏ వైపుకు మొగ్గుతుందన్న దానిమీద పండితులే ఏకీభవించలేదు. 1978లో సుధీర్ కాకర్, భారతీయ శిశువు తొలి ఏళ్ళలో తల్లి ఒడిలో మునిగిపోయి పెరుగుతుందని, ఆ బంధపు గాఢతే ఆ తర్వాతి మనసుకు అచ్చు వేస్తుందని వాదించాడు. 1992లో స్టాన్లీ కుర్ట్జ్ దీన్ని తిరగేశాడు. మన దగ్గర పిల్లవాడు ఒక తల్లికి కాదు, ఇంటి స్త్రీలందరికీ చెందినవాడు, వాడిని మెల్లగా ఒక ఒడి నుంచి గుంపులోకి నడిపించడమే మన పెంపకం అన్నాడు. సూజన్ సీమోర్ మాత్రం 1960ల నుంచి భువనేశ్వర్‌లో కుటుంబాలను దగ్గరుండి చూసి 1999లో పుస్తకం రాసింది. అవ్వలు, పెద్దమ్మలు, అక్కలు కలిసి పిల్లల్ని చూసుకునే పద్ధతి అక్కడ మామూలని, తల్లి ఆ చూసుకునేవాళ్ళలో ముఖ్యురాలే గాని ఒక్కతే కాదని ఆమె పరిశీలన. మానవజాతి మొత్తమే ఇలా పలువురు కలిసి పెంచడం వల్ల నిలిచిందని సారా హర్డీ 2009లో వాదించింది.

ఈ మూడింటిలో రాయలసీమ ఇంటికి సీమోర్ చూపే ఎక్కువ సరిపోతుందని నేను అనుకుంటున్నాను. మేనరికాలు మామూలైన ఈ ప్రాంతంలో అత్త మేనత్తే కావచ్చు, పుట్టిల్లు పక్క ఊళ్ళోనే ఉండవచ్చు, పిల్లకు అవ్వ చెయ్యి పుట్టిననాటి నుంచి తెలిసినదే. "అమ్మ లేకుంటే బిడ్డ గతేం కాను?" అన్న ఆందోళన అలాంటి ఇంటి సంప్రదాయం నుంచి వచ్చింది కాదు. పిల్ల ప్రతి క్షణాన్నీ తల్లి ఒక్కతే దగ్గరుండి తీర్చిదిద్దాలనే పెంపకాన్ని 1996లో షారన్ హేస్ అమెరికాలో వర్ణించింది. తిరుపతి అపార్ట్‌మెంట్లలో ఇద్దరే ఉండే కాపురాల్లో, స్కూలు వాట్సాప్ గ్రూపుల్లో, హోంవర్కు పుస్తకాల్లో ఇప్పుడు కనబడుతున్నది అదే. అవ్వ చేయి తగ్గింది, తల్లిమీద బరువు పెరిగింది, ఆ బరువుకు సంప్రదాయం అన్న పేరు తగిలింది. ఇది పాత ఆచారం కాదని గుర్తించడం ఈ చర్చలో అవసరం.

తీరిక ఎవరి సొత్తు

మూడో ప్రశ్న, ఎందుకు వెళుతోంది అన్నది, తీరిక గురించిన ప్రశ్న. జాతీయ గణాంక కార్యాలయం 2019 కాలవినియోగ సర్వేలో, ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు పెడుతున్నారు. ఐదేళ్ళ తర్వాత 2024లో ఆ అంకెలు 289, 88. ఇద్దరిదీ కాస్త తగ్గింది, మధ్య దూరం ఒక్క నిమిషం మాత్రమే తగ్గింది. 15 నుంచి 59 ఏళ్ళ వయసువాళ్ళలో ఇంట్లోవాళ్ళ బాగోగులు చూసేది 41 శాతం స్త్రీలు, 21.4 శాతం పురుషులు. 2021 జనవరిలో సుప్రీంకోర్టు కీర్తి కేసు తీర్పులో జస్టిస్ ఎన్.వి.రమణ తన విడి అభిప్రాయంలో 2019 అంకెలనే ఉటంకించి, గృహిణి పనికి విలువ కట్టడం ఆమె శ్రమను సమాజం గుర్తించడమేనన్నారు. ఆ కేసు రోడ్డు ప్రమాదంలో చనిపోయిన దంపతుల పరిహారం గురించి. స్త్రీ ఇంటిపనికి విలువ లెక్కగట్టే సందర్భం ఆమె చనిపోయాక రావడం మనసును కలచివేస్తుంది.

సెలవుల చట్టాలు చూసినా ఇదే ధోరణి. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది. రాష్ట్రప్రభుత్వ మహిళా ఉద్యోగులకు శిశుసంరక్షణ సెలవు 60 రోజుల నుంచి 2022లో 180 రోజులకు పెరిగింది. రెండూ గెలుచుకున్నవి, విలువైనవి. రెండూ తల్లి బిడ్డకోసం పనినుంచి పొందే సెలవులే. బిడ్డ పని నుంచి తల్లికి సెలవు కావాలన్న ఊహే చట్టానికి గాని ఇంటికి గాని రాలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం మార్కెట్టుకు, ఆసుపత్రికి, ఊరి పొలిమేర దాటి, మూడు చోట్లకూ ఒంటరిగా వెళ్ళే స్వేచ్ఛ ఉన్న స్త్రీలు దేశంలో నూటికి 42 మందే. ముందు విడతలో 41.

ఈ అసమానతను స్త్రీవాదులు రెండు రకాలుగా చదివారు. శ్రమ పంచుకోవడం గురించి అడిగేవాళ్ళు ఒక వైపు, తీరికే హక్కు అనేవాళ్ళు ఇంకో వైపు. ముంబై వీధుల మీద శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే 2011లో తెచ్చిన పుస్తకం రెండో దారి. ఆడది బయట కనబడితే ఏదో పనిమీదే కనబడాలన్న షరతును వాళ్ళు ప్రశ్నించారు. తెలుగులో ఈ ఆలోచనకు పునాది ఎప్పుడో పడింది. పి.సత్యవతి 'ఇల్లలకగానే' కథలో తన పేరే మరిచిపోయిన గృహిణికి ఆ పేరు గుర్తుచేసేది చిన్ననాటి స్నేహితురాలు. కొండవీటి సత్యవతి నడిపిన భూమిక పత్రిక రచయిత్రులను గుంపుగా యాత్రలకు తీసుకెళ్ళింది. స్నేహితురాళ్ళు కలవడం పని ఎగ్గొట్టడం కాదు, మనిషి తనను తాను తిరిగి తెలుసుకునే చోటు అన్న అవగాహన ఈ రెండింటిలోనూ ఉంది.

అభ్యంతరాలు, వాటి బరువు

అన్నిటికంటే బలమైన అభ్యంతరం బిడ్డ గురించి కాదు, అవ్వ గురించి. కోడలు స్నేహితురాళ్ళతో పోతే పిల్లల బాధ్యత మోకాళ్ళ నొప్పులున్న అత్తమీదో అమ్మమీదో పడుతుంది. ఇంట్లో పన్నెండేళ్ళ పెద్దపిల్ల ఉంటే ఆమెమీద పడుతుంది. ఒక స్త్రీ తీరిక ఇంకొక స్త్రీ శ్రమగా మారితే అందులో న్యాయం ఎంత? ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేసిన స్త్రీవాద వ్యాసాలు కూడా ఉన్నాయి. అది పొరపాటు. జవాబు తల్లిని ఆపడంలో లేదు, ఆ రెండు రోజులు తండ్రి చేతిలో పెట్టడంలో ఉంది. పాలసీసా ఎక్కడుంది, చిన్నది ఏ దుప్పటి లేకుంటే నిద్రపోదు, పెద్దవాడి డైరీలో ఏం సంతకం పెట్టాలి అన్న జ్ఞానం తండ్రికి లేకపోవడం వల్లే అవ్వను పిలవవలసి వస్తుంది. తల్లి వెళ్ళేముందు ఫ్రిజ్‌లో రెండు రోజుల వంట పెట్టి, తలుపుమీద చీటీ అంటించి పోతే పని చేసినది ఆమే, ముందుగా చేసింది, అంతే. వారాంతానికి ముందు రెండు నెలలు తండ్రి పిల్లల్ని పడుకోబెట్టడం అలవాటు చేసుకుంటే రాబర్ట్‌సన్ ఇంట్లో జేన్‌కు దొరికిన ఆసరా ఈ బిడ్డకూ దొరుకుతుంది. ఇక్కడ మొదటి ప్రశ్నకు జవాబు రెండో ప్రశ్నలోనే ఉంది.

రెండోది, ఇది డబ్బున్నవాళ్ళ వేడుక అన్న మాట. హార్స్‌లీ కొండమీద గది, కారు, పిల్లల్ని చూసే పనిమనిషి అందరికీ ఉండవన్నది నిజం. అయితే తీరిక కోరిక డబ్బున్నవాళ్ళకే ఉంటుందనడం పేదస్త్రీని అవమానించడం. తమిళనాడులో 2021 నుంచి టౌన్ బస్సుల్లో, కర్ణాటకలో 2023 జూన్ నుంచి శక్తి పథకం కింద, మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో స్త్రీలకు ఛార్జీ లేదు. పలమనేరు నుంచి తిరుపతికి, శ్రీకాళహస్తి నుంచి కాణిపాకానికి స్నేహితురాళ్ళతో పోయిరావడానికి భర్త జేబు అడగవలసిన పని తగ్గింది. రాష్ట్రం దాటే బస్సులకు ఇది వర్తించదు కాబట్టి వేలూరు, కోలారు వైపు బంధుత్వాలున్న చిత్తూరు స్త్రీలకు సగం మేలే. బస్సు ఛార్జీ పోయినా రాత్రి బస, పిల్లల సంరక్షణ అన్న సమస్యలు మిగిలే ఉన్నాయి. అంగన్‌వాడీ పగటిపూటదే. ఉద్యోగుల పిల్లల కోసం చట్టం చెప్పిన శిశుసంరక్షణ కేంద్రాలు యాభైమంది గాని అంతకు మించి గాని పనిచేసే సంస్థలకే పరిమితం. పేదతల్లికి అడ్డం కోరిక లేకపోవడం కాదు, ఆసరా లేకపోవడం.

భద్రత గురించిన భయం నిజమైనదే, దాన్ని వెక్కిరించడం తగదు. తలకోన, కైగల్, నాగలాపురం వంటి జలపాతాల దగ్గర వానాకాలంలో నీళ్ళు ఉన్నట్టుండి పెరుగుతాయి, అడవిదారుల్లో ఫోన్ సిగ్నల్ ఉండదు. గుంపుగా పోవడం, చీకటిపడేలోగా బసకు చేరడం వంటి జాగ్రత్తలు మగవాళ్ళకూ వర్తిస్తాయి. భద్రత పేరుతో తల్లిని ఆపి, అదే దారిన తండ్రిని పంపితే అది భద్రత గురించిన ఆలోచన కాదు.

తల్లుల తరఫున వాదించేవాళ్ళు తరచు చెప్పే ఒక మాట మీద కూడా నాకు అభ్యంతరం ఉంది. "రెండు రోజులు విశ్రాంతి తీసుకుంటే ఇంకా మంచి తల్లిగా తిరిగొస్తుంది" అంటారు. సెలవుల ప్రభావం మీద జరిగిన పరిశోధనలను 2009లో కలిపి చూసినప్పుడు, మనసుకు కలిగే ఊరట నిజమే గాని చిన్నదని, తిరిగి పనిలో పడ్డాక కొన్ని వారాల్లోనే ఆవిరైపోతుందని తేలింది. ఆదివారం రాత్రికి ఆమె అలిసిపోయి కూడా రావచ్చు. ఇంకా ముఖ్యంగా, ఈ వాదన తల్లి సంతోషాన్ని మళ్ళీ బిడ్డ లాభం కిందే జమకడుతోంది. శబరిమల నుంచి వచ్చిన తండ్రిని ఇంకా మంచి తండ్రివయ్యావా అని ఎవరూ అడగరు. ప్రసవం తర్వాతి కుంగుబాటు మన దేశంలో సుమారు 22 శాతం తల్లుల్లో ఉందని 2017లో ఒక విస్తృత సమీక్ష అంచనా వేసింది. వాళ్ళకు కావలసింది వైద్యం, రోజువారీ తోడు. దానికి విహారయాత్రను మందుగా చూపడం ప్రమాదకరం.

పక్కపక్కన పెట్టి చూస్తే

ఈ చర్చలోని పక్షాలను కలిపి చూస్తే ఒక విచిత్రం కనబడుతుంది. బిడ్డ మనసు పక్షం దూరాన్ని కొలుస్తుంది, దాని అసలు ఆధారం మాత్రం చూసుకునే మనిషి నాణ్యత గురించి చెబుతుంది. సంప్రదాయ పక్షం కారణాన్ని కొలుస్తుంది, దాని అసలు బలమైన ఉమ్మడి పెంపకం తల్లికి వెసులుబాటే ఇవ్వాలి. హక్కుల పక్షం తల్లి స్వేచ్ఛను కొలుస్తుంది, తండ్రి చేతకానితనం వల్ల ఆ స్వేచ్ఛ ఖర్చు అవ్వ భరిస్తోందన్న సంగతిమీద తక్కువ మాట్లాడుతుంది. ప్రభుత్వాలు ఇంకోలా కొలుస్తాయి. శ్రీలంక 2013లో ఐదేళ్ళలోపు పిల్లలున్న తల్లులు విదేశాల్లో ఇంటిపనికి పోకుండా కట్టడి పెట్టి, దేశం ఆర్థికంగా కుదేలయ్యాక 2022లో సడలించింది. డబ్బు అవసరమైనప్పుడు తల్లి దూరం ప్రమాదం కాకుండా పోయింది. మన గల్ఫ్ తల్లుల విషయంలో ఊళ్ళు చేసిన లెక్క కూడా ఇంతకు భిన్నం కాదు. నాలుగు పక్షాల్లోనూ తండ్రి దాదాపు కనబడడు. చర్చ ముడిపడిన చోటు అదే అని నా అంచనా.

ఇంకా తేలనివి

రెండు రాత్రుల విడిపోవడం మీద నేరుగా చేసిన పని ప్రపంచంలోనే తక్కువ. ఉన్నది ఆసుపత్రి నుంచో, వారాల ఎడబాటు నుంచో కిందికి అంచనా కట్టినది. ఏడాదిన్నర వయసు పిల్లలు ఎక్కువ బెంగపడతారని తెలుసు. తిరిగొచ్చిన తల్లిని కొన్ని గంటలు పట్టించుకోనట్టు మొహం తిప్పుకోవడం, తర్వాత అతుక్కుపోవడం చాలామందిలో కనబడే ప్రవర్తనే. వీడియోకాల్ ఆ బెంగను తగ్గిస్తుందా, రేపుతుందా అన్నదానిమీద ఇళ్ళలో రెండు మాటలూ వినబడతాయి, వయసునుబట్టి రెండూ నిజం కావచ్చు. భర్త చనిపోయిన, విడిపోయిన, లేదా గల్ఫ్‌లో ఉన్న ఒంటరి తల్లి విషయంలో, తండ్రే చూసుకోవాలన్న పై వాదన పనికిరాదు. ఆమెకు స్నేహితురాళ్ళే ఒకరి పిల్లల్ని ఒకరు చూసుకునే ఏర్పాటు తప్ప వేరే దారి కనబడదు, దానిమీద ఆలోచన మొదలే కాలేదు. ప్రత్యేక అవసరాలున్న బిడ్డల తల్లులకు తీరిక అందరికంటే ఎక్కువ అవసరం, అందరికంటే తక్కువ అందుబాటు.

కొలతల్లోనూ లోపం ఉంది. కాలవినియోగ సర్వే ఉదయం నాలుగు నుంచి మర్నాడు నాలుగు దాకా ఒక్క రోజునే నమోదు చేస్తుంది. ఏడాదిలో ఒక తల్లికి పిల్లల బాధ్యత లేని పూర్తి రోజులు ఎన్ని దొరికాయన్నది ఆ పద్ధతిలో పట్టుబడదు. తిరుపతిలో 1983 నుంచి మహిళా విశ్వవిద్యాలయం ఉంది, చుట్టూ శ్రీసిటీ కార్మికులు, కొండమీది సేవకులు, గల్ఫ్ కుటుంబాలు, అపార్ట్‌మెంటు తల్లులు అందరూ రెండు మూడు గంటల ప్రయాణంలోపు ఉన్నారు. తల్లి వెళ్ళినప్పుడు ఇంట్లో పని నిజంగా ఎవరి చేతికి మారింది, తండ్రికా, అవ్వకా, పెద్దకూతురికా అని ఈ నాలుగు రకాల ఇళ్ళలో అడిగి చూస్తే, ఈ చర్చలోని సగం వాదనలు నిలుస్తాయో లేదో తేలిపోతుంది.